ఆ ఆవును గట్టు దింపించింది నేనే

మా ముత్తాత పేరు లక్ష్మీనరసింహారెడ్డి. గరిడేపల్లి వైపు ఏడు ఊళ్లకు ఆయన దొర. ఆయన గుర్రం దిగి గడి భవంతి లోపలికి వెళ్లేదాకా వాకిట్లో ఎవరూ కూర్చునేవారు కాదట. తాత గోపాల్‌రెడ్డి సూర్యాపేట కచేరీకి వెళ్తే పోలీసు అమీనే లేచి కుర్చీ జరిపేవాడట. నాయన కాలానికి ఊళ్లు పోయాయి, భూములు పోయాయి, చివరికి గడి దూలాలు కూడా విప్పి అమ్మేశారు. నాకు మిగిలింది సూర్యాపేటలో ఒక కిరాయి ఇల్లు, గోడ మీద తాత పటం, నడుము వంచకుండా నడిచే అలవాటు. ఆ వరుసలో నాలుగోవాణ్ణి నేను. ఇంటిపేరు రాయను. ఇంత జరిగినా ఆ పేరు మీద మమకారం చావలేదు. ఆ మమకారాన్ని మీ దగ్గర దాచి ఏం లాభం?

పదేళ్లు దాటింది, నేనొక మాటను మోస్తున్నాను. రెండక్షరాల మాట. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. నెల రోజుల కిందట మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ముందు ఆ మాట నాకు మళ్లీ ఎదురుపడింది. అప్పటి నుంచి కెమెరా ఎత్తబుద్ధి కావడం లేదు. అందుకే రాస్తున్నాను.

నేను పత్రికా ఫొటోగ్రాఫర్‌ను. ఆ పనిలోకి ఎందుకొచ్చానని అడిగితే సమాజం, బాధ్యత అని చాలా వేదికల మీద చెప్పాను. అసలు కారణం వేరు. కెమెరా పట్టుకున్నవాడు ఎవరికీ దండం పెట్టనక్కర్లేదు. కలెక్టరైనా, మంత్రైనా "ఇటు తిరగండి" అంటే తిరుగుతాడు. "ఒక అడుగు వెనక్కి" అంటే వేస్తాడు. మా ఇంట్లో మూడు తరాలు అనుభవించి పోగొట్టుకున్న సుఖం అది. నాకు ఆ నల్ల డబ్బాలో దొరికింది. ఇది నాకు అప్పట్లో తెలియదు. తెలియదా? తెలుసు. ఒప్పుకోలేదు, అంతే.

ఆ మాట పుట్టిన ఏడాది, యాసంగి పంట కాలంలో మా వైపు ఎడమ కాలువకు నీళ్లు సరిగ్గా రాలేదు. వంతుల వారీగా వదిలేవారు. ఎగువ పొలాలు తడిసేసరికి వంతు అయిపోయేది, కాలువ చివరి భూములకు బురద కూడా చేరేది కాదు. నెర్రెలు బారిన పొలాల ఫొటోలు రోజూ వేస్తున్నాం. జిల్లా పేజీలో, మూలన, తపాలా బిళ్లంత. హైదరాబాద్ నుంచి డెస్క్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. "అన్నా, నెర్రెలు సూసి సూసి జనానికి బోరు కొట్టింది. గుండె ఆగిపోయేది ఒకటి పంపు. ఫస్ట్ పేజీ నీదే."

ఫస్ట్ పేజీ. ఫొటో కింద నా పేరు. ఏడు ఊళ్ల పేరు పోయిన ఇంట్లో పుట్టినవాడికి ఆ చిన్న అక్షరాల పేరు ఎంత పెద్దగా కనిపిస్తుందో నాకే తెలుసు.

వివరం కోసం ముందు కోదాడ వెళ్లాను. కాలువ పని చూసే ఉద్యోగి ఒకాయన నాకు పరిచయం. నవ్వుతూ మనసులో ఉన్నది చెప్పేసే మనిషి. టీ తాగుతూ అన్నాడు.

"మీరు ఆలస్యం చేశారండీ. పైన గేట్లు రాత్రే ఎత్తేశారు. ఎల్లుండి పొద్దుటికల్లా చివరిదాకా వచ్చేస్తాయి. ఎండిన పొలం కావాలంటే ఇవాళే తీసుకోండి సారూ, రేపట్నుంచి మీకు దొరకదు."

సరదాగా అన్నాడు. నేనూ నవ్వాను. టీ పూర్తి చేయకుండా లేచాను.

ఇక్కడ ఆగి మీకు ఒకటి స్పష్టంగా చెప్పాలి. నీళ్లు వస్తున్నాయని నాకు తెలుసు. బండి ఎక్కినప్పుడు తెలుసు. గరిడేపల్లి దారిలో మలుపు తిరిగినప్పుడు తెలుసు. కాలువ గట్టు పక్కన బండి ఆపినప్పుడూ తెలుసు. ఏ నిమిషంలోనూ మరిచిపోలేదు.

ఆ గట్టు కింద, తండా పక్కన ఉన్న రెండెకరాలు ఒకప్పుడు మావే. నాయన అమ్మితే, ఇప్పుడు దాన్ని సాగుచేస్తున్న లచ్చిరాం వాళ్ల నాయన కొన్నాడు. అంతకుముందు ఆయన మా ఇంట్లో జీతగాడు. లచ్చిరాం కూడా చిన్నతనంలో మా కొట్టంలో గొడ్లు చూసినవాడే. నేను గట్టెక్కగానే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. భూమి అతనిది. గట్టు అతనిది. అయినా తలగుడ్డ తీశాడు. నేను వద్దనలేదు.

"గుర్తు పట్టినవా లచ్చిరాం?"

"అయ్యో దొరా, నిన్ను పట్టకుంటే ఇంకెవల్ని పడ్త? జర ఒళ్లు చేసినవ్ గని, నడక మాత్రం పెద్ద దొర నడకనే."

"పేపర్ల ఏస్త. నీ ఫొటో తీస్త."

"నా మొకం ఏస్తే రేపు పేపరెవడు కొంటడు దొరా? నా పెండ్లిల ఫొటోలు తీసినోడే మొకం పక్కకు తిప్పుకున్నడు."

తనే నవ్వాడు. అతని భార్య సక్రి నవ్వలేదు. పొలం నడుమ నిలబడి నా కెమెరా సంచీ వంక చూస్తోంది.

పది పదిహేను ఫొటోలు తీశాను. నెర్రెల్లో కాలు పెట్టి, తలపట్టుకుని, ఆకాశం వంక చూస్తూ. అన్నీ పాతవే. అన్నీ తపాలా బిళ్లలే. గట్టు అవతల రెండు ఆవులు, ఒక కోడె మేస్తూ కనిపించాయి. ఎండిన పంటలోకి రైతు తన చేతులతో గొడ్లను తోలడం. ఆశ వదులుకున్నవాడు చేసే చివరి పని అది. మా జిల్లాలో అది చూసిన ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది.

"లచ్చిరాం, ఆ గొడ్లను పొలంల ఇడువు. ఐదు నిమిషాలు చాలు."

సక్రి గబగబా వచ్చేసింది.

"గొడ్లా? ఎందుకు దొరా? పొలం సావలే. ఇగో సూడు."

వంగి ఒక నెర్రెలో మోచేతి దాకా చెయ్యి దూర్చింది. బయటికి తీసి అరచేయి నా ముందు పట్టింది. నల్లటి మట్టి, తడిగా, వేళ్లకు అంటుకుని ఉంది.

"లోపల పదునున్నది. పొట్టకొచ్చిన పంట. ఒక్క తడి తగిలితే గింజ పడతది." నా కళ్లలోకి చూసింది. మా ఇంటి మగవాళ్ల కళ్లలోకి ఆ తండా ఆడవాళ్లు చూసేవారు కాదు. ఆమె చూసింది. "నువ్వు పేపరోనివి. ఆఫీసర్లందరు నీకెరుకే. నిజం చెప్పు దొరా. నీళ్లొస్తయా, రావా?"

"రావు," అన్నాను.

అంతే. ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. గొంతు తడబడలేదు, కనురెప్ప కదల్లేదు. కనీసం "తెలవదు" అని ఉండొచ్చు. "ఏమో" అని ఉండొచ్చు. అవి కూడా అబద్ధాలే, కానీ వాటిలో ఒక ఆవును గట్టు మీదే ఆపేంత సందేహం ఉండేది. నేను తాత గొంతుతో, తీర్పు చెప్పినట్టు, రావు అన్నాను.

లచ్చిరాం గొడ్ల వైపు తిరిగాడు. "దొర చెప్పిండంటే ఇగ రానట్టే. గొడ్లన్నా తింటయ్ తియ్" అన్నాడు.

సక్రి వాళ్ల భాషలో ఏదో అన్నది. అతను గద్దించాడు. ఏమనుకున్నారో నాకు తెలియదు. తరాలుగా పక్కనే బతికిన వాళ్ల భాష మా ఇంట్లో ఒక్కరికీ రాదు. రావాలని ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు చెప్పేది నేను ఏ వేదిక మీదా చెప్పనిది. ముందున్న ఆవు పొలంలోకి దిగలేదు. పేరు గౌరి, మెడలో చిన్న గంట. పుట్టినప్పటి నుంచి పచ్చటి పంటలో మూతి పెట్టినప్పుడల్లా దెబ్బలు తిన్న గొడ్డు. లచ్చిరాం గట్టు మీది నుంచి తోలితే రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి అతని ముఖం చూసింది. నిజంగానే అంటున్నావా అన్నట్టు. అతను మళ్లీ తోలాడు. మళ్లీ ఆగింది. "వెలుతురు మారుతున్నది, తొందరగా" అన్నాను నేను. అతను రెండు చేతులూ ఆవు వెనక పెట్టి నెట్టాడు. అప్పుడు దిగింది. దాని వెనక మిగతావి దిగాయి.

నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. ముందు ఆవు నోట్లో పొట్టమీదున్న వరి. గట్టు మీద లచ్చిరాం, తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని. వెనక కుడిపక్కన, వీపు తిప్పి వెళ్లిపోతున్న సక్రి. మంచి ఫొటో. చాలా మంచి ఫొటో అని వేలికి అప్పుడే తెలిసింది.

కుడి అంచున, చీరకు అంటకుండా పక్కకు చాచిన సక్రి చెయ్యి పడింది. మోచేతి దాకా తడి మట్టి. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని ఆ అంచు కోసేశాను. నేల ఇంకా బతికే ఉందని చెప్పే సాక్ష్యం ఫొటోలో అదొక్కటే. దాన్ని కోశాక ఫొటో ఇంకా బాగుంది.

ఐదు నిమిషాలు అన్నాను కదా. నీళ్లు రావని నమ్మినవాడు గొడ్లను ఎందుకు బయటికి తోలుకుంటాడు? ఆ రోజంతా వదిలేశాడు. మర్నాడు తండాలో అందరి గొడ్లనూ రమ్మన్నాడట, పోయేదే కదా తిననీ అని. చుట్టుపక్కల పొలాల వాళ్లు మాత్రం తమ మళ్లల్లోకి ఒక్క గొడ్డునూ రానివ్వలేదు. లచ్చిరాం వాళ్లకు నా మాట చెప్పాడు. వాళ్లు నమ్మలేదు. వాళ్ల తండ్రులు మా ఇంట్లో జీతం చేయలేదు.

మర్నాడు ఫొటో ఫస్ట్ పేజీలో వచ్చింది. ఆ మర్నాడు పొద్దున్నే, కోదాడ ఉద్యోగి చెప్పినట్టే, చివరి భూములకు నీళ్లు చేరాయి. డెస్క్ ఇన్‌చార్జి అరుస్తూ ఫోన్ చేశాడు. "అన్నా, దుమ్ము లేపినవ్! నీళ్లొచ్చినయట గదా. ఎఫెక్ట్ పంపు, ఎఫెక్ట్!" మా పనిలో అదొక పద్ధతి. వార్త వేశాక ఏదైనా మంచి జరిగితే, అది మా వల్లే జరిగిందని చుట్టూ గీత గీసి డబ్బా కట్టి వేస్తాం. నేను కాదనలేదు. గేట్లు ముందే ఎత్తారని చెప్పలేదు. కెమెరా తీసుకుని బయల్దేరాను.

గట్టెక్కి నిలబడిపోయాను.

కాలువ నిండా నీళ్లు. చుట్టూ మళ్లల్లో వరి ఒక్క పూటలో తల ఎత్తింది. మధ్యలో ఆ రెండెకరాలు. మొదళ్ల దాకా కొరికిన పంట, గిట్టల గుంటలు, పేడ. గుంటల్లో నీళ్లు నిండి మెరుస్తున్నాయి. సక్రి పార పట్టుకుని మడవ దగ్గర ఉంది. తన పొలంలోకి వస్తున్న నీళ్లకు మట్టి అడ్డం వేసి, పక్కవాళ్ల పొలానికి మళ్లిస్తోంది. నన్ను చూసింది. పార ఆపలేదు.

"వచ్చినయ్ దొరా," అన్నది.

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. మా వంశంలో కోపానికి బదులు చెప్పడం అందరికీ వచ్చు. ఏం చేశానో తెలుసా? కెమెరాను పక్క పొలం వైపు తిప్పాను. పచ్చటి మడిలోకి పారుతున్న నీళ్లను ఫొటో తీసి వచ్చేశాను. మర్నాడు అదీ అచ్చయింది.

ఆ మొదటి ఫొటోకు బహుమతి వచ్చింది. "ఆశకు వీపు తిప్పిన తల్లి" అని వేదిక మీద ఎవరో సక్రి గురించి అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆమె వీపు తిప్పింది ఆశకు కాదు, నాకు. కోదాడలో రైతులు నాకు శాలువా కప్పారు. కాలువ తెరిపించిన ఫొటో అన్నారు. నేను నడుము నిటారుగా పెట్టి కప్పించుకున్నాను. తర్వాత కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు పాఠాలు కూడా చెప్పాను. "ఫ్రేములో గడ్డిపోచ ఉన్నా దాన్ని కదిలించే హక్కు మనకు లేదు. ఉన్నదాన్ని చూపించడమే మన పని." వాళ్లు రాసుకున్నారు. మాట నిజమే. చెప్పిన నోరే అబద్ధం. నేను ఉన్నదాన్ని చూపించలేదు. బతికున్నదాన్ని చంపించి, చచ్చినదాన్ని చూపించాను.

వాదనలు నా దగ్గర లేకపోలేదు. ఇలాంటి ఫొటోలే లేకపోతే చివరి భూముల గోడు ఎవరికి వినిపిస్తుంది? ఆ తర్వాతి ఏళ్లలో నీళ్ల వంతులు వేసేటప్పుడు ఆ ఫొటో గురించి మాట్లాడుకున్నారట. ఒక పొలం పోయి వంద పొలాలు బాగుపడితే? ఈ లెక్కను నేను చాలాసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ ఒక్కచోటే ఆగిపోతుంది. ఆ ఒక్క పొలం పోవాలని నిర్ణయించింది ఎవరు? ఆమె నన్ను అడిగింది. నాకు జవాబు తెలుసు.

ఇక మిర్యాలగూడ.

నెల కిందట మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు వరుసగా ఆగిపోతే ఫొటో తీయడానికి వెళ్లాను. హమాలీల గుంపులోంచి ఒక ముసలాయన చెయ్యి ఊపుతూ వచ్చాడు. లచ్చిరాం. భూమి కౌలుకిచ్చి, సీజన్‌కు మిల్లు పనికి వస్తున్నారట ఇద్దరూ. నన్ను తోటివాళ్ల ముందుకు లాక్కెళ్లాడు.

"గీ దొరనే! నేను చెప్పలే? నా ఫొటో తీసి కాలువకు నీళ్లు తెప్పించింది గీ దొరనే!"

"నువ్వా, నీ గొడ్డా ఫొటోల ఉన్నది?" అని ఒకడు ఎద్దేవా చేశాడు. అందరూ నవ్వారు. లచ్చిరాం అంగీ జేబులోంచి ఒక ముక్క తీశాడు. ఆనాటి పేపరు. మడతలు పెట్టి, అట్టలా లామినేషన్ చేయించాడు. పదేళ్లకు పైగా దాన్ని గర్వంగా వెంట తిప్పుకుంటున్నాడు. ట్రాక్టర్ చక్రం పట్టుకుని నిలబడ్డాను.

సక్రి కల్లంలో వడ్లు ఎగదోస్తోంది. వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని నా ఎదురుగా నిలబడింది. జుట్టు మొత్తం నెరిసింది.

"అప్పుడు మనసుల నిన్ను శానా తిట్టిన దొరా. నీళ్లు రావంటివి, వచ్చె. తర్వాత నేనే అనుకున్న, పాపం దొరకేం ఎరుక, ఆయన గూడ రావనే అనుకున్నడు గదా అని. ఏం మనసుల పెట్టుకోకు."

నన్ను క్షమించింది. నేను చేయని తప్పుకు. చేసిన తప్పు ఆమెకు తెలియనే తెలియదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె ఎదురుగా నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు. రెండోసారి. ఈసారి ఒక్క మాట చాలు, "తెలుసు" అంటే చాలు. ఆమె ఎదురుచూడడం లేదు, అడగడం లేదు, అయినా నా గొంతు దాకా వచ్చింది. నేను తల ఊపాను. ఊపి, కెమెరా సంచీ భుజాన వేసుకుని, ట్రాక్టర్ల వరుస పక్క నుంచి నిటారుగా నడుచుకుంటూ వచ్చేశాను.

ఆ నడక చూసి లచ్చిరాం వెనక నుంచి నవ్వుతూ అన్నాడు. "సూసిండ్రా? పెద్ద దొర నడకనే!"

ఇంటికొచ్చి బహుమతి ఫొటోను గోడ మీది నుంచి దించాను. పాత డిస్కు వెతికి, కోయని ఫొటో తీసి చూశాను. కుడి అంచున ఆ చెయ్యి అలాగే ఉంది. మట్టి తడిగా మెరుస్తోంది. దాన్ని అచ్చు వేయించి ఈ కాగితాల పక్కనే పెట్టుకున్నాను. మిర్యాలగూడ వెళ్లి ఆమె ముందు నిలబడి చెప్తానా? ప్రతి పొద్దూ బయల్దేరాలనుకుంటున్నాను. చెప్తానని మీకు మాట ఇవ్వలేను. నా మాట ఎంతటిదో మీరు చూశారు కదా. కానీ ఇప్పుడు ఈ సంగతి తెలిసిన మనిషి నేనొక్కణ్ణే కాదు. మీరూ ఉన్నారు. ఛాతీ మీది నుంచి బండ తీసినట్టు లేదు. బండ ఉందని ఒకరికి చూపించినట్టుంది. దానికే ఊపిరి కొంచెం ఆడుతోంది.

మా భూములు, గడి, దూలాలు ఎవరు కొన్నారో, ఏ ఏడాది కొన్నారో అడిగితే నేను గడగడా చెప్పగలను. జీవితమంతా వాటికోసమే బాధపడ్డాను. ఆ రోజు మిల్లు దగ్గర లచ్చిరాం మాటల్లో ఇంకొకటి తెలిసింది. పంట లేకపోవడంతో గడ్డి లేదు. మేత లేక ఆ రెండు ఆవులను, కోడెను ఆ ఎండాకాలమే పశువుల అంగట్లో అమ్మేశారు. ఎవరు కొన్నారో నేను అడగనైనా లేదు.